మాస్టారి గొంతు

హైమవతికి పిల్లల మీద కోపంగా ఉంది. పసిపిల్లల మీద కోపం తెచ్చుకున్నందుకు తన మీద తనకి ఇంకా కోపంగా ఉంది. ఆ రెండు కోపాలూ మోసుకుంటూ ఒక శనివారం సాయంత్రం పరాంకుశం మాస్టారింటికి వచ్చింది.

మా బందరులో చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నవాళ్ళెవరైనా మాస్టారింటి వసారాలో చాప మీద కూర్చుని 'స' అన్నవాళ్ళే. నేనూ అన్నాను. నాలుగు కీర్తనలు వచ్చాక పెళ్ళయింది, ఇక చాల్లే అనుకున్నాను. హైమ అలా కాదు. మా అందరిలోకీ పైకొచ్చిన పిల్ల. కచేరీలు చేస్తుంది, రేడియోలో పాడుతుంది. దాని గొంతు మీరు వినాలి. కింది స్వరాల్లోకి దిగేకొద్దీ నిండుగా, బరువుగా మోగుతుంది. ఆ గాంభీర్యానికే దానికంత పేరు.

అలాంటి హైమ ఈ ఏడు ఒక ఎలిమెంటరీ స్కూల్లో సంగీతం టీచరుగా చేరింది. మేమంతా ఆ పిల్లలు పెట్టిపుట్టారు అనుకున్నాం.

ఆ సాయంత్రం మాస్టారు వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. పక్కనే ఆయన భార్య ఆండాళమ్మగారు చేటలో కాయలు ఏరుతోంది.

"మాస్టారూ, నేను ఆ ఉద్యోగం మానేస్తున్నాను. మీకొక మాట చెప్పి మానేద్దామని వచ్చాను" అంది హైమ, చెప్పులైనా విప్పకుండా.

"అలాగే మానేద్దువు గానీ, ముందు కూర్చో" అన్నారాయన. "చేతులు ఖాళీగా ఎందుకు, నువ్వూ నాలుగు కాయలు తీసుకో."

మా మాస్టారితో ఇదే చిక్కు. ఎవరేం గోడు చెప్పుకోవడానికొచ్చినా ముందు ఏదో ఒక పని చేతిలో పెడతారు. సలహా మాత్రం ఇచ్చిన పాపాన పోలేదు ఎప్పుడూ.

హైమ కాయలు తీసుకోలేదు. సంచీలోంచి ఒక ఫైలు తీసి ఆయన ముందు పెట్టింది. ఏడాది పొడుగునా పిల్లలకి ఏం చెప్పాలో వేసవి సెలవులంతా కూర్చుని రాసుకున్న ప్లాను అది. మొదట సరళీ వరుసలు, తర్వాత జంట వరుసలు, అలంకారాలు, దసరా దాటాక ఒక చిన్న గీతం. అన్నీ పెద్దవాళ్ళకి చెప్పినట్టు కాదు. స్వరాలని మెట్ల బొమ్మలుగా వేసింది. తాళానికి చప్పట్ల ఆట పెట్టింది. ఏ తరగతికి ఎంతసేపు, ఎవరు ముందు వరసలో కూర్చోవాలి, అన్నీ ఆలోచించింది.

మాస్టారు చేతులు తుడుచుకుని ఆ ఫైలు మొదటినుంచి చివరిదాకా చదివారు. అంత ఓపిగ్గా చదువుతుంటే హైమకి కాస్త ధైర్యం వచ్చింది.

"బాగుందమ్మా. నిజంగా బాగుంది" అన్నారు.

అంతే, హైమకి ఏడుపు ముంచుకొచ్చింది. "బాగుంది కదా మాస్టారూ! మరి వాళ్ళెందుకు పాడరు? నేను 'స' అంటే సగంమంది గొణుగుతారు. మిగతా సగం అరుస్తారు. ఆ మధ్యలో ఒక్కళ్ళూ లేరు. అరవకండమ్మా, నేనెక్కడ పాడితే అక్కడే పాడండి అని చెప్పీ చెప్పీ నా తల ప్రాణం తోకకొస్తోంది. ఇంకా మొదటి వరుసలోనే ఉన్నాం. వాళ్ళకి చెవి లేదు, అంతే."

"హెడ్మిస్ట్రెస్ గారు ఏమంటున్నారు?"

"వచ్చే శనివారం తల్లిదండ్రుల మీటింగు ఉంది. అందులో పిల్లలు ఒక్క పాటైనా సరిగ్గా పాడకపోతే ఆ పీరియడు తీసేసి లెక్కలకి ఇచ్చేస్తారట. ఆవిడ తప్పేం లేదు. ఎన్నాళ్ళని చూస్తారు? ఆ అవమానం అయ్యాక మానెయ్యడం కంటే ముందే మానేస్తే మర్యాద."

"నువ్వు మానేస్తే ఇంకొకరిని వేస్తారా?"

హైమ తల అడ్డంగా ఊపింది. "ఎవర్నీ వెయ్యరు. ఆ పిల్లలకి ఇక సంగీతం ఉండదు."

మాస్టారు మళ్ళీ ఒక చిక్కుడుకాయ అందుకున్నారు. "మరీ ఏ ఒక్కరూ దారికి రాలేదా?"

"రావడం సంగతి దేవుడెరుగు. సలోమి అని రెండో తరగతి పిల్ల ఉంది మాస్టారూ. పాటంటే ప్రాణం దానికి. నేను గేటు దాటకముందే పరిగెత్తుకొచ్చి నా సంచీ పట్టుకుంటుంది. ముందు వరసలో కూర్చుంటుంది. కానీ మరీ బొంగురు. 'స' అంటే గరగరమంటుంది తప్ప స్వరమే పలకదు. దాన్ని విని పక్కవాళ్ళు కూడా శ్రుతి తప్పుతున్నారు. అందుకని మొన్న..." హైమ ఆగింది.

"మొన్న?"

"నువ్వు పాడకమ్మా, పెదాలు ఆడించు చాలు, అన్నాను."

ఆండాళమ్మగారు చేటలోంచి తలెత్తింది. "అయ్యో!" అంది.

"ఆ పిల్లేమంది?" అన్నారు మాస్టారు.

"ఏమీ అనలేదు. అప్పట్నించీ పెదాలే ఆడిస్తోంది."

మాస్టారి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి దాన్ని పళ్ళెంలో వేసి, లేచి, కాళ్ళూ చేతులూ కడుక్కొచ్చారు.

"హైమా, ఆ మూలనున్న తంబూరా ఇలా పట్రా."

హైమ తికమక పడింది. మాకు పాఠాలు చెప్పే తంబూరా అది కాదు. మాది చిన్నది, బల్ల మీద ఉంటుంది. మూలనున్నది చాలా పెద్దది. వెలిసిపోయిన ఆకుపచ్చ గుడ్డ ముసుగు వేసి ఉంటుంది ఎప్పుడూ. మేం చదువుకున్న రోజుల నుంచీ అది అలాగే ఉంది. విరిగిపోయి ఉంటుంది, పారెయ్యడానికి మనసొప్పక ఉంచుకున్నారు అనుకునేవాళ్ళం.

హైమ మోసుకొచ్చి ఆయన ముందు పెట్టింది. గుడ్డ తీస్తే లోపల దుమ్మన్నదే లేదు. తీగలు నిగనిగలాడుతున్నాయి. మాస్టారు బిరడాలు కాస్త అటూ ఇటూ తిప్పి, పూసలు జరిపి, శ్రుతి చేశారు. ఆ తంబూరా లోతుగా మోగింది. కూర్చున్న చాపలోంచి కూడా ఆ మోత హైమకి తెలిసింది.

"పాఠం చెబుతాను. నా వెనకాల అను" అన్నారు.

"ఏ పాఠం మాస్టారూ?"

"నీ ప్లాన్లో మొదటిదే."

హైమ మనసులో చిన్నబుచ్చుకుంది. కచేరీలు చేసే మనిషిని కూర్చోబెట్టి మళ్ళీ సరళీ వరుసలా అనుకుంది. అయినా సర్దుకుని కూర్చుంది. మాస్టారు కళ్ళు మూసుకుని 'స' అన్నారు.

వెనకాల అనడం మర్చిపోయింది హైమ.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా మాస్టారి గొంతు గురించి ఊళ్ళో తల్లులందరిదీ ఒకటే మాట. "ఆయనకి విద్య ఉంది, ఓపికుంది. గొంతే, పాపం, భగవంతుడు ఇవ్వలేదు" అనేవాళ్ళు. మాకు పాఠం చెప్పేటప్పుడు ఆయన గొంతు సన్నగా, పీలగా ఉండేది. మెడ నరాలు ఉబ్బేవి. పై స్వరాలకి వెళ్ళేసరికి జీరపోయేది. ఎంత విద్వాంసుడికి ఎంత గొంతు వచ్చిందో చూడండి అని మా అమ్మ కూడా జాలిపడేది.

ఇప్పుడా వసారాలో మోగిన 'స' ఆ గొంతు కాదు. చల్లగా, లోతుగా, ఏ కష్టమూ లేకుండా వచ్చింది. గుమ్మం దాటి వెళ్ళే మనిషిని కూడా నిలబెట్టే గొంతు. ఇన్నేళ్ళలో హైమ ఒక్కసారి కూడా దాన్ని వినలేదు. మాలో ఎవరం వినలేదు.

"అనమ్మా" అన్నారు మాస్టారు.

హైమ అనబోయింది. ఆ 'స' ఎక్కడో అడుగున ఉంది. దాని గొంతు ఎంత గంభీరమైనదైనా ఆడగొంతే కదా, అంత కిందకి అందలేదు. గాలి వచ్చింది తప్ప స్వరం రాలేదు. చప్పున పై స్థాయికి ఎగిరి అక్కడ అందుకుంది.

"అరవకమ్మా. నేనెక్కడ పాడితే అక్కడే పాడు."

మళ్ళీ కిందకి దిగింది హైమ. 'స', 'రి' అంటుంటే గొంతులో గరగరమంది. రేడియోలో పాడే మనిషి, మొదటి రోజు పాఠం అనలేక చెమటలు పట్టి కూర్చుంది.

మాస్టారు ఆపారు. ఆయన మొహంలో కోపం లేదు, నవ్వూ లేదు.

"హైమా, నువ్వు పాడకమ్మా. పెదాలు ఆడించు చాలు."

అని మళ్ళీ కళ్ళు మూసుకుని పాడటం మొదలుపెట్టారు.

హైమ పెదాలు ఆడించింది. ఇంకేం చేస్తుంది, గురువుగారు చెప్పారు. సరిగమపదనిస అని ఆయన హాయిగా పైకెళ్ళి హాయిగా కిందకొస్తున్నారు. ఆ నాదమంతా చుట్టూ నిండిపోతోంది. దానికి అంత దగ్గరగా కూర్చుని కూడా అందులో తన గొంతు లేదు. ఒక్కసారి నన్ను కలుపుకోరా అని గొంతు దాకా వస్తోంది, నోట్లోంచి రావటం లేదు. కాసేపటికి పెదాలు కూడా ఆడలేదు, వణికాయి.

"చాలించండి ఇంక!" అంది ఆండాళమ్మగారు చేట పక్కన పెట్టి. "అంత పిల్లని పట్టుకుని అదేం మాటండీ!"

మాస్టారు పాట ఆపారు. తంబూరా మాత్రం మీటుతూనే ఉన్నారు.

హైమ కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకుని, "మాస్టారూ, మీ గొంతు ఇలా ఉంటుందా?" అంది. "మాకెప్పుడూ వినిపించలేదే."

ఆండాళమ్మగారే అందుకుంది. "మీకెలా వినిపిస్తుందే? తెల్లారగట్ల తలుపులేసుకుని తనకోసం పాడుకుంటారు. మీరొచ్చే వేళకి దానికి ముసుగేసి మూలన పెట్టేస్తారు. మీ గొంతులు ఎక్కడుంటే అక్కడికెక్కి మీతోపాటు పాడి పాడి, అన్నం తినే వేళకి మాట పెగిలేది కాదు. మిరియాల కషాయం కాచి కాచి నా చేతులు అరిగిపోయాయి. పైగా ఊళ్ళో వాళ్ళంతా ఈయనకి గొంతు లేదని జాలి పడటమూ! కడిగేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో."

"చాల్లే ఆండాళూ. కాయలు వాడిపోతున్నాయి, చూసుకో" అన్నారు మాస్టారు.

హైమ చాలాసేపు ఆ పెద్ద తంబూరా వైపే చూస్తూ కూర్చుంది. స్కూల్లో తన శ్రుతి పెట్టె గుర్తొచ్చింది. మొదటి రోజు దాన్ని బల్ల మీద పెట్టి మర తిప్పింది, తను కచేరీకి పెట్టుకునే చోటికి. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు.

"పిల్లలకి ఎక్కడ పెట్టను మాస్టారూ శ్రుతి?" అంది మెల్లిగా.

"నన్నడిగితే ఎలా? నేను వాళ్ళ గొంతులు వినలేదుగా."

నేను విన్నాను కదా అనబోయింది హైమ. ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. కిందికి వంగి చేటలోంచి ఒక గుప్పెడు చిక్కుడుకాయలు తీసుకుని ఈనెలు తియ్యడం మొదలుపెట్టింది. మానేసే మాట ఆ సాయంత్రం మళ్ళీ ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు ఫైలు సంచీలో పెట్టుకుంటుంటే మాస్టారు, "అది మంచి ప్లానేనమ్మా, పారెయ్యకు" అన్నారు.

సోమవారం మధ్యాహ్నం అన్నాల బెల్లు అయ్యాక హైమ తన క్లాసు గదిలో కూర్చుని ఉంది. శ్రుతి పెట్టె ముందుంది, నోరు మూసుకుని. పిల్లలంతా మైదానంలో ఉన్నారు. వరండాలో సలోమి ఒక్కతే స్తంభం పట్టుకుని నిలబడి మైదానానికి అటు చివర కుళాయి దగ్గరున్న స్నేహితురాల్ని పిలుస్తోంది.

"కాంతీ...! రావే...! నీ గిన్నె ఇక్కడుందీ...!"

హైమ ఉలిక్కిపడింది. ఆ గొంతులో బొంగురన్నది లేదు. నీళ్ళలా స్వచ్ఛంగా ఉంది. అంత మైదానం దాటి వెళ్ళి కాంతిని చేరింది, ఏ శ్రమా లేకుండా. కుళాయి దగ్గర కాంతి వెనక్కి తిరిగి, "వస్తున్నానే...!" అంది. అదీ ఇంచుమించు అక్కడే.

హైమ శ్రుతి పెట్టె మోగించి, దాని మర పట్టుకుని పైకి తిప్పింది. తన శ్రుతి దాటింది. ఇంకా పైకి తిప్పింది. కచేరీలో ఏ ఆడమనిషీ పెట్టుకోనంత పైకి వెళ్ళింది.

"సలోమీ, మళ్ళీ పిలువమ్మా కాంతిని."

సలోమి భయపడింది. "అరవనులెండి టీచర్."

"అరుపు కాదు. ఇందాక పిలిచినట్టే పిలువు."

"కాంతీ...!"

శ్రుతి పెట్టెలోని నాదం ఆ పిలుపుని అందుకుంది. సలోమి గుమ్మంలో నిలబడిపోయి ఆ పెట్టెని చూసింది. "టీచర్, అది నాలాగా అంటోంది!" అంది.

ఆ రోజు సంగీతం పీరియడులో సరళీ వరుసలు లేవు. ఒక్కొక్కళ్ళూ తమకిష్టమైనవాళ్ళని దూరం నుంచి పిలవాలి, అంతే. ఒకడు పడవ మీదున్న వాళ్ళ నాన్నని పిలిచాడు. ఒకమ్మాయి మేకపిల్లని పిలిచింది. ఒకడు "చేపలోయ్!" అని వీధంతా తిరిగినట్టు పిలిస్తే క్లాసంతా పడీ పడీ నవ్వారు. హైమ అందరినీ వింది. కూర్చుని, చెవులప్పగించి, మొదటిసారి వింది. వింటూ మర కాస్త కిందకీ కాస్త పైకీ జరిపి, అందరికీ కుదిరే ఒకచోట ఆపింది.

అప్పుడు అక్కడ తను 'స' అంది. ఆ శ్రుతిలో పై స్వరాలకెళ్ళేసరికి తన గొంతు సన్నబడింది. గాంభీర్యం ఏమైందో ఏమో, పీలగా, గింజుకుంటున్నట్టు వచ్చింది. మెడ నరాలు బిగుసుకోవడం తనకే తెలిసింది. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంది అనుకుని, ఎక్కడ విన్నదో తెలిసి, ఒక్క క్షణం ఆగిపోయింది.

పిల్లలు ఆగలేదు. 'స' అన్నారు. గొణిగినవాళ్ళు లేరు, అరిచినవాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ లేరు లేరనుకున్న ఆ మధ్యలోనే అందరూ ఉన్నారు.

ఒక్క సలోమి తప్ప. ముందు వరసలో బుద్ధిగా కూర్చుని పెదాలు ఆడిస్తోంది.

హైమ లేచి వెళ్ళి ఆ పిల్ల ముందు కింద కూర్చుంది. "సలోమీ, పాడవేమ్మా?"

"ఆడిస్తున్నాను కదా టీచర్" అంది సలోమి. తను బాగానే చేస్తున్నానన్న నమ్మకంతో ఇంకాస్త బాగా ఆడించి చూపించింది.

"అది నేను తప్పు చెప్పానమ్మా. నువ్వు పాడాలి."

"గట్టిగానా?"

"కాంతిని పిలిచినంత."

సలోమి ఒకసారి పక్కవాళ్ళని చూసింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. 'స' అంది. తర్వాత హైమ మాతో చెప్పింది, ఆ 'స' విన్నాక నెలల తరబడి గుండెల మీదున్న బండ ఎవరో దించినట్టయింది, ఏడవాలో నవ్వాలో తెలియక ఆ పిల్ల జడ సర్దుతూ కూర్చున్నాను అని.

ఆ వారమంతా హైమ ఆ శ్రుతిలోనే పాడింది, అన్ని తరగతులకీ. ప్లాను పారెయ్యలేదు. మెట్ల బొమ్మలూ, చప్పట్ల ఆటా అన్నీ పనికొచ్చాయి. వాటన్నిటికీ ముందు ఒక పాఠం చేర్చింది. ఆ పాఠంలో టీచరు పాడదు.

శనివారం మీటింగులో పిల్లలు ఒక చిన్న ప్రార్థన పాడారు. పెద్ద గొప్పగా ఏం కాదు, మధ్యలో ఒకడు తుమ్మాడు, తాళం కాస్త పరిగెత్తింది. అయినా హాలంతా నిశ్శబ్దంగా కూర్చుని వింది. వెనక వరసలో సలోమి వాళ్ళమ్మ లేచి నిలబడి మరీ వింది.

హెడ్మిస్ట్రెస్ గారు హైమ చెయ్యి పట్టుకున్నారు. "పీరియడు ఎక్కడికీ పోదు టీచర్, మీదే. ఎంత ముద్దుగా పాడారండీ పిల్లలు!" అని, కాస్త దగ్గరికి జరిగి, "కానీ మీ గొంతుకేమైందండీ? మీరు వాళ్ళతో కలిసి పాడుతుంటే ఏదో గింజుకుంటున్నట్టుంది. రేడియోలో ఎంత బాగుంటుంది! జలుబు చేసిందా?" అన్నారు జాలిగా.

హైమ నవ్వేసింది. పక్కనున్న తల్లుల్లో ఒకావిడ, "విద్య ఉందిలెండి, పిల్లలకి బాగానే చెబుతోంది" అంది సర్దిచెబుతూ. దానికి ఇంకా పెద్దగా నవ్వింది.

అటునుంచి అటే మాస్టారింటికి వెళ్ళింది. ఈసారి చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, వసారాలో చాప మీద కూర్చుంది. మాస్టారు తనంతట తాను ఏమీ అడగరు కదా, తనే అంతా చెప్పాలి. సలోమి సంగతీ, మేకపిల్ల సంగతీ, మీటింగు సంగతీ, అన్నీ గొంతులో బారులు తీరి ఉన్నాయి.

"మాస్టారూ..." అంది.

ఆ ఒక్క మాటా సగంలో తెగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. జీర తప్ప ఇంకేం రాలేదు.

ఆండాళమ్మగారు దాని మొహంలోకి ఒకసారి చూసింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. లోపల రోట్లో మిరియాలు దంచుతున్న చప్పుడు మొదలైంది.

మాస్టారు ఆ చప్పుడు కాసేపు విన్నారు.

"అయితే పిల్లలు పాడారన్నమాట" అన్నారు.